అధికారపత్రము లేని రాయబారి: గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు

రాయబారమనగనే తెలుగువారికి మొట్టమొదట స్ఫురించునది కురుసభలో శ్రీకృష్ణుడు నెఱపిన రాయబారము. తిక్కన సోమయాజి కాలమునుండి తిరుపతి వేంకటకవుల నాటకములవఱకు మనవారా ఘట్టమును వినుచునే యున్నారు. ఎంత విన్నను తనివి తీరదు. ఇతరుల బాధను తన నోట పలికి, తనకై యేమియు కోరక, బలవంతుని యెదుట నిలుచువాడే రాయబారియని యా కథ మనకు నేర్పినది. నేటి రాజ్యములు రాయబారులను పంపునపుడు వారికి అధికారపత్రము నిచ్చును. జీతబత్తెములను, వసతిగృహములను ఏర్పఱుచును. ఇట్టి పదవులకు రాజోద్యోగులే గాక వ్యాపారస్థులును తగుదురని గత శతాబ్దమున రుజువైనది. విశాఖపట్టణమున 1941లో నౌకానిర్మాణశాలకు పునాది వేయించిన సింధియా ఓడల కంపెనీలో చిరకాలము మేనేజరుగా పనిచేసిన గగనవిహారి మెహతాగారు 1952 మొదలు 1958 వఱకు అమెరికాలో భారతదేశపు రాయబారిగా నుండిరి. పంచదార వ్యాపారమున పేరుగాంచిన ఎల్స్‌వర్త్ బంకరుగారు 1957లో అమెరికా రాయబారియై ఢిల్లీకి వచ్చిరి.

అయితే వీరికి నూఱేండ్లకు ముందే ఒక తెలుగు వర్తకుడు రాయబారియయ్యెను. ఆయనను పంపిన రాజు లేడు. ఆయన చేత అధికారపత్రము లేదు. ఆయన నే రాజ్యమును గౌరవముతో ఎదుర్కొని పిలిచియుండలేదు. పొలములో శిస్తు బకాయిపడిన రైతే ఆయనను పంపిన ప్రభువు; ఆరువేల మైళ్లకు ఆవల లండను నగరమందలి పార్లమెంటే ఆయన రాయబారమును వినవలసిన సభ. ఆ వర్తకుని పేరు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు. దక్షిణదేశ రాజకీయచరిత్రమున మొదటి పుట ఆయనదే యనుట అతిశయోక్తి కాదు. అయినను నేటి మన యువకులలో ఆయన పేరెఱిగినవారు బహు స్వల్పము.

అరకు లోయనుండి అనంతగిరి ఘాటుదారిని దిగి వచ్చునపుడెల్ల మాకీ మహనీయుడు జ్ఞప్తికి వచ్చుచుండును. చెన్నపట్టణపు వర్తకునకును మన్యపు కొండలకును సంబంధమేమని పాఠకులడుగవచ్చును. ఆ సంబంధమును తుదిని విన్నవింతుము. ముందుగా ఆయన చరిత్రమును తెలిసికొందము.

లక్ష్మీనరసు శెట్టిగారు 1806వ సంవత్సరమున చెన్నపట్టణమున జన్మించిరి. తండ్రి సిద్ధులు శెట్టిగారు నీలిమందు వర్తకమున పేరుపొందిన తెలుగు ధనికులు. చదువు ముగిసిన పిమ్మట కుమారుడు తండ్రి కొట్టులో కూర్చుండి వ్యాపారపు మెలకువలను నేర్చెను. ఆ దినములలో కోరమాండల తీరమున నేయబడు గళ్ల రుమాళ్లు మద్రాసు రుమాళ్లను పేర ఓడలకెక్కి పశ్చిమ ఆఫ్రికాకును, వెస్టిండీసు దీవులకును పోవుచుండెను. కడప, నెల్లూరు, ఆర్కాటు జిల్లాలలో పండిన నీలిమందు ఐరోపాఖండపు అద్దకపు శాలలకు చేరుచుండెను. ఈ రెండు వర్తకములవలనను లక్ష్మీనరసుగారు ద్రవ్యమును, దానికంటె విలువగల పరపతిని సంపాదించిరి.

ఈ రెండు సరకులును ఎక్కడనుండి వచ్చునో పాఠకులు గమనింపవలెను. రుమాలు సాలెవాని మగ్గమునుండి వచ్చును; నీలి రైతు పొలమునుండి వచ్చును. మగ్గమునకు మొతర్ఫా యను పన్ను, పొలమునకు శిస్తు. సాలెవాడు పన్ను కట్టలేక మగ్గము నమ్ముకొనినపుడు రుమాలు లేదు. రైతు బకాయిపడి ఊరు విడిచినపుడు నీలి లేదు. కావున పల్లెలోని దారిద్ర్యము ఈ వర్తకుని చిట్టాలోనే కనబడుచుండెనని మేమూహించుట తప్పు కాజాలదు. అయితే ఆ చిట్టాను చూచినవారు ఆయనయొక్కరే కారు. నష్టమును చూచి సరకు మార్చుకొనిన వర్తకులు పెక్కురు. నష్టమునకు కారణమేమని యడిగినవాడు ఈయన.

ఆ కాలపు రైతు స్థితిని కొంచెము వివరింపవలసియున్నది. రైతువారీ పద్ధతిలో శిస్తు రొక్కముగా చెల్లింపవలెను. అది ధరలు హెచ్చుగానున్న దినములలో నిర్ణయింపబడినది. 1820 ప్రాంతమునుండి సుమారు ముప్పదియేండ్లు ధాన్యపు ధరలు పడిపోయియుండెను. ధర తగ్గెను, శిస్తు తగ్గలేదు. ఒక పుట్టి ధాన్యమమ్మి కట్టవలసిన శిస్తునకు రెండు పుట్లమ్మవలసివచ్చెను. దీనికి తోడు 1832–33లో నందన కఱవు వచ్చెను. డొక్కల కఱవని గుంటూరు సీమ పెద్దలు చెప్పుకొనినది ఇదియే. ఆ జిల్లాయందలి అయిదు లక్షల జనులలో లక్షన్నరకు తక్కువ కాకుండ నశించిరి. అప్పటికి గోదావరికి ఆనకట్ట లేదు, కృష్ణకును లేదు.

శిస్తు వసూలుచేయు విధమింతకంటె ఘోరమైనది. 1816వ సంవత్సరపు రెగ్యులేషనుల మూలముగా కలెక్టరే మేజిస్ట్రేటయ్యెను. తహసీలుదారే పోలీసు అధికారియయ్యెను. అనగా శిస్తు కట్టుమని గద్దించువాడును, కొట్టిరని మొఱపెట్టుకొన్నచో విచారింపవలసినవాడును ఒక్కడే. ఒకేచేతిలో చిట్టాయు, ఒకేచేతిలో బెత్తమును ఉన్నపుడు బీదవాడెవనితో చెప్పుకొనగలడు? తాలూకా కచ్చేరి వాకిట రైతులను ఎండలో నిలువబెట్టుటయు, వీపుమీద బండ నెత్తుటయు, కిట్టి యను కఱ్ఱల నడుమ వ్రేళ్లనుంచి బిగించుటయు, మెడకును కాలికిని త్రాడు వేసి వంచి కట్టుటయు, అన్నపానములు లేక నిలిపివేయుటయు ఏటేటి జమాబందీకి ముందు జరుగు తంతుగా మాఱిపోయెను. ఊళ్లలో ఇది అందఱికిని తెలియును. చెన్నపట్టణపు కోటలో మాత్రము ఎవ్వరికిని తెలియదు. తెలిసినను కాగితముమీదికి రాదు.

కాగితముమీదికి రానిది రాజ్యమునకు లేనిదే యని లక్ష్మీనరసుగారు గ్రహించిరి. 1844 అక్టోబరులో ఆయన క్రెసెంటు, అనగా నెలవంక, అను పేర ఇంగ్లీషుపత్రికను ప్రారంభించి, హార్లీ యను ఆంగ్లేయుని సంపాదకునిగా నియమించిరి. దేశీయుని ద్రవ్యముతో నడచుచు, దేశీయుల కష్టములను పాలకుల భాషలో పాలకులకు వినిపించుటకై వెలసిన పత్రిక చెన్నరాజధానిలో అంతకుముందు లేదనవచ్చును. ప్రభుత్వమువారు తమ ప్రకటనల విషయమున ఆ పత్రికయెడల విముఖత చూపిరి. తక్కిన ఆంగ్లపత్రికలు దానిని పరిహసించెను. లాభమునకై పెట్టిన పత్రిక అయినచో నాడే మూతపడియుండును. నీలిమందు లాభము పత్రిక నష్టమును భరించెను.

ఆ రోజులలో గవర్నరుగానుండిన ట్వీడేలు ప్రభువు ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథముగా ప్రవేశపెట్టదలచెను. ప్రజల పన్నులతో నడచు బడిలో ఒక మతమును బోధించుట న్యాయము కాదని లక్ష్మీనరసుగారు వాదించిరి. 1846 అక్టోబరులో చెన్నపట్టణమున పౌరుల మహాసభ జరిగెను. సీమలోని డైరెక్టర్లకు విన్నపము వ్రాయబడెను. డైరెక్టర్లు గవర్నరు ప్రతిపాదన నంగీకరింపలేదు. విన్నపమునకు ఫలితముండునని దక్షిణదేశీయులు నేర్చిన మొదటి పాఠమిది. ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మతము మాఱినవానికిని పిత్రార్జితమున హక్కుండునని విధించిన 1850వ సంవత్సరపు 21వ చట్టమును కూడ ఆయనయు, ఆయన మిత్రులును ప్రతిఘటించిరి. ఈ విషయమున మేము వారితో నేకీభవింపజాలము. మనస్సాక్షి ననుసరించినవాని కడుపు కొట్టుట ధర్మము కాదు. మహనీయుని చరిత్రము వ్రాయుటయనగా ఆయన తప్పును దాచుట కాదుగదా.

1853లో కంపెనీవారి చార్టరు పునర్విచారణకు రావలసియుండెను. ఇరువదియేండ్ల కొకపర్యాయము మాత్రమే పార్లమెంటు హిందూదేశమువైపు కన్నెత్తి చూచు కాలమది. ఆ తరుణమును జాఱవిడువరాదని యెంచి లక్ష్మీనరసుగారు 1852 ఫిబ్రవరి 26వ తేదీని మద్రాసు దేశీయ సంఘమును స్థాపించిరి. మొదట నది కలకత్తాలోని బ్రిటిషు ఇండియను అసోసియేషనునకు శాఖగా నుండెను. కాని కలకత్తా సంఘము శాశ్వత పైసలాగల జమీందారుల సీమలో పుట్టినది; మద్రాసు సంఘము ఏటేట శిస్తునకు వెఱచు పట్టాదారుల సీమలో పుట్టినది. ఇరువురి బాధలు వేఱు. కావున కొలది కాలమునకే మద్రాసువారు వేఱుపడి స్వతంత్రముగా పనిచేసిరి.

ఆ సంవత్సరము డిసెంబరులో సంఘమువారు పార్లమెంటునకు విన్నపమును సిద్ధపఱచిరి. అందు శిస్తుభారము, రెవెన్యూ ఉద్యోగుల పీడ, మొతర్ఫా పన్ను, న్యాయస్థానములలోని జాగు, బాటలును వంతెనలును లేకుండుట, నీటిపారుదల పనుల కొఱత, విద్యకై చేయు వ్యయము యొక్క స్వల్పత మొదలగునవి విషయవారీగా వివరింపబడెను. ఆ విన్నపమున ఆవేశమునకంటె లెక్క హెచ్చు. వర్తకుడు బాకీదారునకు వ్రాయు ఖాతా వంటిదది. ఇంత తీసికొంటివి, ఇంత ఇచ్చితివి, ఇంత నిలువయున్నదని చూపుటయే దాని పద్ధతి. గోదావరి ఆనకట్ట పూర్తియైన సంవత్సరమును ఇదియేయని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. నీరిచ్చిన దేశము పన్నుకూడ నిచ్చునని ఆ ఆనకట్ట రుజువుచేయుచున్న తరుణముననే, నీరులేని దేశమునుండి పన్ను పిండరాదని సంఘము వాదించెను.

1853 చార్టరు చట్టములో ఆ విన్నపమునకు తగిన సమాధానము రాలేదు. మఱియొకడైనచో నంతటితో విరమించియుండును. వర్తకుడు విరమింపడు, సరకు నాణ్యతను నమ్మని కొనుగోలుదారుని గోదామునకు పిలుచుకొనిపోవుట వాని వృత్తిధర్మము. ఇంగ్లండులో జాన్ డికిన్సను మొదలగువారు 1853లో ఇండియా సంస్కరణ సంఘమును స్థాపించియుండిరి. దానికి అధ్యక్షుడును, పార్లమెంటు సభ్యుడునైన డాన్బీ సేమూరు దొర ఆ సంవత్సరమే చెన్నపట్టణమునకు వచ్చెను. లక్ష్మీనరసుగారు ఆయనకు ఆతిథ్యమిచ్చి, తాము స్వయముగా వెంటబోయి దక్షిణ జిల్లాలను చూపిరి. తోటలలో విందులు చూపి పంపివేయలేదు. పల్లెలకు తీసికొనిపోయి పీడితులైన రైతులను ఎదుట నిలిపిరి. వ్రేళ్లమీది మచ్చలను, వీపులమీది వాతలను ఆ దొర తన కన్నులార చూచెను. రామమోహనరాయలు ఢిల్లీ పాదుషాకు రాయబారియై 1830లో ఓడయెక్కి సీమకు పోయెను. లక్ష్మీనరసుగారు పార్లమెంటువానినే పల్లెకు నడిపించిరి. ఈ రాయబారపు నేర్పు అపూర్వము.

1854 జులైలో కామన్సుసభలో చెన్నరాజధాని భూమిపన్ను గుఱించి చర్చ జరిగెను. హింసలమాట సేమూరు దొర సభలో వెల్లడించెను. కంపెనీ పక్షమువారు తాము దేశమున ననేకవత్సరములు పనిచేసియు నట్టి దాని నెన్నడును వినలేదనిరి. అయినను విచారణ చేయక తప్పినది కాదు. సెప్టెంబరులో ప్రభుత్వమువారు ఎల్లియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురితో విచారణ సంఘమును నియమించిరి. ఆ మువ్వురును ఆంగ్లేయులే. మూడునెలల వ్యవధిలో వారి కడకు వచ్చిన ఫిర్యాదులు 1,959. కొందఱు స్వయముగా నడచివచ్చిరి, తక్కినవారు వ్రాసికొనిరి. దారిఖర్చునకు ద్రవ్యము లేక, తిరిగి ఊరు చేరిన పిమ్మట ఏమగునోయను భయముతో ఇంట నిలిచిపోయినవారి లెక్క ఎవరును తీయలేదు.

1855 ఏప్రిలులో సంఘమువారు తమ నివేదిక నొసగిరి. శిస్తు వసూలునందును, నేరముల విచారణయందును హింస సర్వసాధారణముగా జరుగుచున్నదని వారు నిర్ధారణచేసిరి. కొలది రూపాయల బకాయికై, ఒక్కొక్కపుడు అణాలకై, మనుష్యులను బాధించిరని తేలెను. కారల్ మార్క్సు 1857 సెప్టెంబరులో న్యూయార్కు డెయిలీ ట్రిబ్యూను పత్రికలో ఈ నివేదికను విమర్శించి వ్రాసెను. ఊరి చావడి వాకిట పల్లెటూరి రైతు పెట్టిన కేక రెండు మహాసముద్రములు దాటి వినబడెను.

ఆ నివేదికలో మనకు సిగ్గు కలిగించు విషయమొకటి కలదు. ఆంగ్లోద్యోగులు హింసకు అనుమతినిచ్చిరనుటకు సాక్ష్యము లేదని సంఘమువారు తేల్చిరి. ద్రవ్యము పుచ్చుకొని, అదెట్లు వచ్చినదని అడుగనివానికి పాపము లేదా యని మేము ప్రశ్నింపవచ్చును; ప్రశ్నింపవలెను కూడ. కాని కిట్టి బిగించిన చేతులెవ్వరివి? బంట్రోతులు మనవారు, శిరస్తాదారులు మనవారు, కరణములు మనవారు. పై అధికారి మెప్పునకై తోటివాని వ్రేళ్లు విఱిచినది మనమే. లక్ష్మీనరసుగారు తెల్లవారిమీద నేరము మోపుటకై ఈ సంగతిని వెలికి తీయలేదు. వెలికి తీసినచో స్వజనుల నేరము కూడ బయటపడునని ఎఱిగియే తీసిరి. రాయబారి తన పక్షమువారి దోషమును కప్పిపుచ్చినచో వాని మాటకు సభలో విలువ యుండదు.

ఫలితములు మెల్లగా వచ్చెను. మాలుకు పోలీసుకు గల బంధము తెగెను. 1859వ సంవత్సరపు 24వ చట్టముచే చెన్నరాజధానికి ప్రత్యేక పోలీసుశాఖ ఏర్పడెను. పొలములను క్రొత్తగా కొలిపించి శిస్తులను సవరించు సర్వే సెటిల్మెంటు పని ఆ దశాబ్దముననే ఆరంభమయ్యెను. కంపెనీని తొలగించి రాజ్యమును నేరుగా రాణిగారు పాలింపవలెనని కోరుచు సంఘమువారు సుమారు 14,000 చేవ్రాళ్లతో మఱియొక విన్నపము పంపిరి. కంపెనీ పోవుటకు 1857 విప్లవము కారణముగాని విన్నపము కాదు. రాణిగారి పాలనయు స్వరాజ్యము కాదని తరువాతి తరములు గ్రహించెను. అయినను పాలకుడెవడుగా నుండవలెనో చెప్పుటకు పాలితునకు హక్కు కలదని ఆ విన్నపము చాటెను. అది చిన్న విషయము కాదు.

ఒకప్పుడు అనుమానముతో చూచిన ప్రభుత్వమే తరువాత లక్ష్మీనరసుగారికి సి.ఎస్.ఐ. బిరుదము నొసగి, 1863లో చెన్నరాజధాని శాసనసభలో సభ్యునిగా నియమించెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదియేడు. వాకిట నిలిచి విన్నపము లిచ్చినవాడు లోపల ఆసనము పొందెను. కాని ఆ ఆసనమునకు చేరునప్పటికి కొట్టు వట్టిదయ్యెను. పత్రికకును, సంఘమునకును, విన్నపములకును, అతిథులకును వ్యయపఱచిన ధనము తిరిగి రాలేదు. 1868లో లక్ష్మీనరసు శెట్టిగారు బీదస్థితిలో కాలధర్మము నొందిరి. తండ్రి కూడబెట్టినదియు, తాను కూడబెట్టినదియు ఇతరుల బాధ చెప్పుటకే ఖర్చయ్యెను. రాజ్యములు పంపిన రాయబారులు పింఛను పుచ్చుకొందురు. ప్రజలు పంపిన ఈ రాయబారి అప్పులు మిగుల్చుకొనెను. ఆయనవెనుక సంఘము నిద్రించెను. 1878లో హిందూ పత్రిక పుట్టెను. 1884లో మద్రాసు మహాజనసభ పుట్టెను. చిత్తూరు సీమవారైన పనప్పాక ఆనందాచార్యులుగారు 1891లో నాగపురి కాంగ్రెసునకు అధ్యక్షత వహించిరి. ఆ దారిలో మొదటి అడుగులెవరివో మఱచిపోరాదు.

ఇక అరకు కొండలమాట. లక్ష్మీనరసుగారు తమ సంఘమును స్థాపించుటకు పదుమూడేండ్లకు ముందే, 1839వ సంవత్సరపు 24వ చట్టముచే, గంజాము విశాఖపట్టణము జిల్లాలలోని కొండసీమలు సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తొలగింపబడి, గవర్నరుగారి ఏజెంటను పేర కలెక్టరుచేతి క్రిందికి వచ్చెను. ఏజెన్సీయను పేరు అప్పటిది. పల్లపు రైతునకు పత్రిక యుండెను, సంఘముండెను, లండనులో వినువాడొకడుండెను. కొండవానికి ఇందులో ఒక్కటియు లేదు. వాని భాష కచ్చేరికి తెలియదు. కచ్చేరి భాష వానికి తెలియదు. నడుమ నిలిచినవాడు ముఠాదారో, సాహుకారో, ఫారెస్టు గార్డో. వానిలో రాయబారి లేడు.

రాయబారి లేనిచోట ఏమగునో చరిత్రము చెప్పుచున్నది. మనసబుదారు దుడుకుతనమువలనను, కల్లుపన్నువలనను, పోలీసుల పీడవలనను విసిగి 1879లో రంపదేశము ఫితూరీ లేపెను. రక్తము కాఱిన పిమ్మట విచారణ జరిగెను, కొండవారి బాధ నిజమేయని తేలెను, మనసబుదారు తొలగింపబడెను. ఆ విచారణ ముందే జరిగినచో ఎన్ని ప్రాణములు నిలిచియుండునో! నలువదిమూడేండ్లకు కథ మరల మొదలాయెను. అడవి చట్టములు పోడును అరికట్టెను. ఘాటురోడ్డు పనికి కొండవారిని తగిన కూలి నీయక తోలిరి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజుగారు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడిరి. 1924 మే 7వ తేదీని ఆయన వీరమరణము పొందిరి. ఆయన వీరత్వమును మనము కీర్తించుచున్నాము, కీర్తింపవలసినదే. కాని పల్లమునందున్నవారు ఆ మొఱను వేళకు విని తగినచోట వినిపించియుండినచో తుపాకి యెత్తవలసిన యగత్యమేమి?

కాలము మాఱినది. 1997 జులైలో దేశపు అత్యున్నత న్యాయస్థానము సమత కేసులో తీర్పు చెప్పెను. అరకు చేరువను అనంతగిరి మండలమందలి బొఱ్ఱా పల్లెల భూములలో గనుల కౌళ్ల విషయమున పుట్టిన వ్యాజ్యమది. షెడ్యూలు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు కౌలున కిచ్చుటకు ప్రభుత్వమునకును హక్కు లేదని ఆ తీర్పు నిశ్చయించెను. కొండవాని మొఱ ఫితూరీగా గాక విన్నపముగా ఢిల్లీ చేరి గెలిచిన దినమది. వాని వెనుక కొందఱు పట్టుదలగలవారు కాగితములు కూర్చి, సాక్ష్యములు సేకరించి, ఏండ్ల తరబడి తిరిగిరి. లక్ష్మీనరసుగారు నడచిన దారియే అది.

మా పాఠకులలో పెక్కురు పట్టాదారులు, వర్తకులు, పట్టణవాసులు. నూటడెబ్బదియేండ్ల క్రిందట కిట్టిలో నలిగిన వ్రేళ్లు మీ తాతముత్తాతలవి. వారిపక్షమున మాటాడినవాడు శిస్తు కట్టవలసిన రైతు కాడు, కిట్టి రుచి చూచినవాడు కాడు. చెన్నపట్టణమున సుఖముగానుండదగిన షావుకారు. తనకు తగులని బాధను తన పరపతితో చెప్పెను గనుకనే ఆ మాట చెల్లెను. నేడు మన మనేకులము రైలెక్కి, బొఱ్ఱా గుహలు చూచి, అరకు లోయలో రెండు దినములు చల్లగాలి పీల్చి, కాఫీగింజలును పసుపును కొనుక్కొని తిరిగివచ్చుచున్నాము. సేమూరు దొర పల్లెలకు పోయి రైతుల వ్రేళ్లు చూచి వచ్చెను. మనము కొండకుపోయి ఏమి చూచి వచ్చుచున్నాము? సంతలో కొండవాడు తెచ్చిన బుట్టకు ఎంత ధర కట్టితిమో, దారిలేని గూడెమునుండి రోగిని డోలీలో మోసికొనివచ్చువారిని ఎదుర్కొన్నపుడు ఆగితిమో లేదో, ఎవరికివారు తలచుకొనవలెను.

లక్ష్మీనరసు శెట్టిగారికి విగ్రహములు నిలుపుట మంచిదే. కాని ఆయన వదలిపోయిన పని ఒకటి మిగిలియున్నది. దానికి అధికారపత్రము అక్కఱలేదు.